వైరు ఊడితే గొప్పేమిటి?

బాలాపూర్‌లో మా ఇంటికి మొన్నామధ్య ఒక పిల్లవాడు వచ్చాడు. నాదర్‌గుల్ పోయే దారిలో కొత్తగా లేచిన కాలనీ వాళ్లది. దిల్‌సుఖ్‌నగర్‌లో యానిమేషన్ నేర్చుకుంటూ, ముహూర్తాల రోజుల్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడు. ఆ రాళ్లతోనే కొత్త కంప్యూటర్ కట్టించుకుందామని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి బయల్దేరుతూ, పోయేముందు జాబితా ఒకసారి నాకు చూపించాడు. ప్రాసెసర్ పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు. ర్యామ్ పక్కన రెండు ధరలు రాసుకున్నాడు. గ్రాఫిక్స్ కార్డు దగ్గర మూడు పేర్లు రాసి రెండు కొట్టేశాడు. కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా, ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం కలం ఎక్కడా తడబడలేదు: "1000 వాట్స్, గోల్డ్, ఫుల్లీ మాడ్యులర్."

"ఇదెందుకురా?" అన్నాను.

"హై ఎండ్ సిస్టమ్ కదన్నా. మాడ్యులర్ లేకుంటే ఎట్లా?" అన్నాడు.

ఆ మాట వాడు పుట్టించింది కాదు. కౌంటర్ వెనక మనిషి అంటాడు, సిస్టమ్‌లు కట్టే కుర్రాళ్లు అంటారు, గాజు పలక బిగించిన క్యాబినెట్లో రంగు లైట్లు చూపించే వీడియోలన్నీ అంటాయి. అందరూ అనేదే కాబట్టి ఎందుకని అడిగేవాడు లేడు. ముందు ఆ వాదాన్ని దాని పూర్తి బలంతో చెప్పుకుందాం. అవతలివాడి మాట సగమే చెప్పి కొట్టేయడం ఖండన అనిపించుకోదు.

మామూలు ఎస్‌ఎంపీఎస్‌లో వైర్లన్నీ డబ్బాలోంచే పుట్టుకొస్తాయి. అవసరం ఉన్నా లేకున్నా వేలాడుతుంటాయి. మాడ్యులర్‌లో డబ్బాకు సాకెట్లు మాత్రమే ఉంటాయి. కావలసిన కేబుల్ గుచ్చుకుంటాం, అక్కర్లేనిది సంచిలో దాచుకుంటాం. సెమీ మాడ్యులర్ అయితే మదర్‌బోర్డుకు పోయే 24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్‌కు పోయే 8 పిన్నుల కేబుల్ డబ్బాకే అతికి ఉంటాయి, మిగతావి ఊడతాయి. వైర్లు తగ్గితే గాలి ఆడుతుంది, వేడి తగ్గుతుంది, దుమ్ము దులపడం తేలిక, చూడ్డానికీ ముచ్చట. పైగా కంపెనీలు తమ మంచి సరుకును ఎక్కువగా మాడ్యులర్‌గానే తెస్తున్నాయి కాబట్టి మాడ్యులర్ అంటే మంచి సరుకుకు గుర్తు. దానికి గోల్డ్ తోడైతే కరెంటు బిల్లు ఆదా. వెయ్యి వాట్లుంటే రేపు కొనే కార్డుకూ ఢోకా లేదు. ఇదీ వాదం.

వినడానికి బాగానే ఉంది. ఒక్కొక్క ముడీ విప్పితే మాత్రం చేతిలో మిగిలేది తక్కువ.

మొదట ఆ "గుర్తు" సంగతి చూద్దాం. మాడ్యులర్ అనేది వైరు గురించిన మాట, కరెంటు గురించి అది ఏమీ చెప్పదు. ఎస్‌ఎంపీఎస్ పని, గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల నిలకడైన డీసీగా మార్చి ఇవ్వడం. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణంలో ఆ నిలకడకు హద్దులున్నాయి: 12 వోల్టుల లైను మీద అలజడి 120 మిల్లీవోల్టులు దాటకూడదు, 5 వోల్టుల లైను మీద 50 దాటకూడదు. ఆ హద్దును నిలబెట్టేవి లోపలి ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు, వాటికి కాపలా ఉండే రక్షణ సర్క్యూట్లు. బయట కేబుల్ ఊడుతుందా లేదా అన్నది వాటికి అక్కర్లేదు. 2004 ప్రాంతంలో అల్ట్రా అనే అమెరికన్ కంపెనీ ఎక్స్-కనెక్ట్ పేరుతో మాడ్యులర్‌ను జనంలోకి తెచ్చినప్పుడు దాని ఆకర్షణ అద్దంలా మెరిసే డబ్బా, అల్ట్రావయొలెట్ వెలుగులో మెరిసే కేబుళ్లు. అంటే మొదటి నుంచీ అది ముస్తాబు సరుకు. ముస్తాబు తప్పని అనను, దాన్ని ఆరోగ్యం అనుకోవద్దంటాను.

గుర్తును నమ్మేవాళ్లు 2021 నాటి ఉదంతం ఒకటి తెలుసుకోవాలి. గిగాబైట్ కంపెనీవి పీ750జీఎం, పీ850జీఎం అని రెండు ఎస్‌ఎంపీఎస్‌లు. రెండూ 80 ప్లస్ గోల్డ్, రెండూ ఫుల్లీ మాడ్యులర్. గ్రాఫిక్స్ కార్డులు దొరకని ఆ రోజుల్లో అమెరికాలో వీటిని కార్డుకు జతచేసి అమ్మారు. విమర్శకులు లోడు పెంచి పరీక్షిస్తే కొన్ని యూనిట్లు టప్పుమని పేలాయి. మామూలు వాడకంలో అలా జరగదని కంపెనీ వాదించింది. అయినా ఆ ఆగస్టులో ఏం సవరించిందో చూడండి: మోయలేని లోడు పడినప్పుడు సరఫరా ఆపేయవలసిన ఓవర్ పవర్ ప్రొటెక్షన్‌ను 120-150 శాతం నుంచి 110-120 శాతానికి దించి, పాతవి మార్చి ఇస్తామంది. మా పిల్లవాడి జాబితాలోని మూడు మాటల్లో రెండు ఆ డబ్బాల మీద అచ్చయి ఉన్నాయి. పేలకుండా ఆపవలసినది ఆ రెంటిలో ఏదీ కాదు. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇక ఊడే వైరు ఇచ్చే స్వేచ్ఛ. ఎస్‌ఎంపీఎస్ కేబుల్‌కు రెండు కొసలు. మదర్‌బోర్డు, డిస్కు, కార్డు వైపు కొస ప్రపంచమంతా ఒకే ప్రమాణంలో ఉంటుంది. డబ్బా వైపు కొసకు అలాంటి ఉమ్మడి ప్రమాణం లేదు. ఆకారం కలిస్తే సాకెట్‌లోకి హాయిగా దిగుతుంది కూడా. కానీ ఒక కంపెనీ 12 వోల్టులు పంపే పిన్నులో ఇంకో కంపెనీ 5 పంపుతుంది, మరొకటి గ్రౌండ్ పెడుతుంది. కంపెనీ ఒకటే అయినా భరోసా లేదు. కోర్సెయిర్ తన కేబుళ్ల మీద టైప్ 3, టైప్ 4, టైప్ 5 అని అచ్చు వేస్తోంది ఎందుకనుకున్నారు?

ఇది నాకు తగిలిన దెబ్బ కూడా. కొన్నేళ్ల కింద మా ఇంట్లో మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ ఒకటి పాడైంది. రిపేరుకు వచ్చిన కుర్రాడు కొత్త డబ్బా బిగించి, డిస్కులకు పాత కేబుళ్లే ఉంచేశాడు. "మంచిగనే ఉన్నయ్ సార్, మళ్ల లాగుడెందుకు" అన్నాడు. నేనూ సరే అన్నాను. తప్పులో సగం నాది. స్విచ్ వేయగానే హార్డ్ డిస్కులోంచి కమురు వాసన. 5 వోల్టులు పోవలసిన చోటికి 12 పోయాయి. అందులో మా చెల్లెలి పెళ్లి ఫోటోలున్నాయి, మా నాయన ఆఖరి పండగ వీడియో ఉంది. ఎస్‌ఎంపీఎస్‌కు వారంటీ ఉంటుంది. వాటికి ఎవరిస్తారు?

అతికి ఉన్న వైరుతో ఈ పొరపాటు చేద్దామన్నా చేయలేం. సిస్టమ్‌లు చేతులు మారే మన వైపు ఇది చిన్న సంగతి కాదు. హాస్టల్ ఖాళీ చేసేవాడు అమ్మిపోతాడు, కోర్సు అయిపోయినవాడు తమ్ముడికి ఇచ్చిపోతాడు. ముందుగా పోయేది ఆ కేబుల్ సంచే. తర్వాతివాడు "సైజు సరిపోయింది" అని ఇంకెక్కడిదో తగిలిస్తాడు. ఊడే కొసతో ఇంకో ముప్పూ ఉంది. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర కనెక్టర్లు కరిగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2025లో 5090 వచ్చాక, కార్డు వైపే కాక ఎస్‌ఎంపీఎస్ వైపు కొస కూడా కరిగిన ఉదంతం బయటికొచ్చింది. అక్కడ వాడింది విడిగా కొన్న వేరే తయారీ కేబుల్. ఆ కార్డు 575 వాట్లు తాగుతుంది, అంటే 12 వోల్టుల మీద దాదాపు 48 ఆంపియర్లు. అంత కరెంటు పారే దారిలో ప్రతి అతుకూ జాగ్రత్త కోరుతుంది. అతుకు పెట్టడం తప్పు కాదు కానీ, దాన్నే ఘనతగా అమ్మితే నవ్వొస్తుంది.

గాలి మాట కూడా తేల్చేద్దాం. ఇప్పటి క్యాబినెట్లలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ అడుగున వేరే అర ఉంటుంది. మిగిలిన వైర్లు అందులో ముడుచుకుంటాయి, ఫ్యాన్ల దారికి అడ్డం రావు. సెమీ మాడ్యులర్‌కు, ఫుల్లీ మాడ్యులర్‌కు తేడా అంతా 24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్ కేబుల్ ఊడటంలో ఉంది. ఆ రెండూ తగిలించకుండా నడిచే కంప్యూటర్ ఉందా? ఎప్పుడూ ఊడదీయని పిడి ఊడుతుందని గొడుగుకు ఎక్కువ ఇచ్చినట్టుంది ఇది.

గోల్డ్ దగ్గరికి వద్దాం. 80 ప్లస్ 2004లో మొదలైన సర్టిఫికెట్. అది చూసేది ప్రధానంగా ఒక్కటే: గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత కంప్యూటర్‌కు చేరింది, ఎంత వేడిగా పోయింది. అలజడి, రక్షణలు దాని లెక్కలోకి రావు. పరీక్ష జరిగేది 23 డిగ్రీల దగ్గర. మే నెలలో మా మేడ మీద గది 23 డిగ్రీలు చూడాలంటే ఏసీ పెట్టించాలి. అందరూ చెప్పే అంకెలు, అంటే సగం లోడు దగ్గర బ్రాంజ్‌కు 85 శాతం, గోల్డ్‌కు 90, అమెరికా వాళ్ల 115 వోల్టుల మీద కొలిచినవి. మన 230 మీద ఏ డబ్బా అయినా ఒకటి రెండు శాతం మెరుగ్గానే పనిచేస్తుంది. పోనీ, ఆ అంకెలతోనే లెక్క కడదాం. కంప్యూటర్ 300 వాట్లు వాడుతూ రోజుకు 4 గంటలు, ఏడాది పొడుగునా నడిచిందనుకోండి. గోడ నుంచి బ్రాంజ్ 353 వాట్లు లాగుతుంది, గోల్డ్ 333. తేడా 20 వాట్లు, ఏడాదికి 29 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 232 రూపాయలు. ధరలో తేడా మూడు వేలే అనుకున్నా, ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు పదమూడేళ్లు పడుతుంది. ఆలోపు ఆ కంప్యూటర్ పాతసామాన్ల బండి ఎక్కి ఉంటుంది. రాత్రింబవళ్లు రెండర్లు నడిపే స్టూడియోకు ఈ లెక్క వేరు, వాళ్లు కొనుక్కోవచ్చు. సాయంత్రం నాలుగు గంటలు కూర్చునే కుర్రాడికి అదే సలహా ఇవ్వడం లెక్క రాని ఉదారత.

ఇక వెయ్యి వాట్లు. ఇక్కడ మా ఊరి లడ్డూ ప్రస్తావన రాక తప్పదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై, 2024లో 30 లక్షల వెయ్యికి, 2025లో 35 లక్షలకు చేరింది. లడ్డూ బరువు మాత్రం 21 కిలోలే. పాటలో నిలబడ్డవాడికి తాను బరువు కొనడం లేదని తెలుసు. భక్తి ఉంది, పరువు ఉంది, పొలంలో చల్లుకుంటే పంట బాగుంటుందన్న నమ్మకం ఉంది, ఆ సొమ్ము ఊరి పనులకు పోతుందన్న తృప్తీ ఉంది. అందులో మోసపోయినవాడు లేడు. వాట్ల పాటలో మాత్రం అందరూ బరువే కొంటున్నామనుకుంటారు. ఒకడు 650 అంటే పక్కవాడు 750 అంటాడు, ఇంకొకడు వెయ్యి అంటాడు. ఎంత కావాలన్నది కూడి చూసినవాడు కనపడడు.

నేను కూడి చూశాను. వాడి రైజెన్ 5 7600 పూర్తి జోరులో తీసుకునేది 88 వాట్లు. వాడు కొట్టేయకుండా ఉంచిన ఆర్‌టీఎక్స్ 4070కి 200. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు 70 వేసుకుంటే మొత్తం 358. ఆ కార్డుకు ఎన్విడియా స్వయంగా చెప్పింది 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్. "కార్డు ఒక్క క్షణం డబుల్ గుంజుతదంట కదన్నా?" అని అడిగాడు. మంచి ప్రశ్న, నిజమే కూడా. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0, కొత్త కార్డు కనెక్టర్ ఉన్న ఎస్‌ఎంపీఎస్ తన వాట్లకు రెట్టింపును 100 మైక్రోసెకన్లపాటు తట్టుకోవాలని షరతు పెట్టింది. మరి అడగవలసింది "ఎన్ని వాట్లు" అనా, "ఏటీఎక్స్ 3.0, 3.1 పాటిస్తుందా" అనా?

ఇంకో చోద్యం. ఎడిటింగ్ ఆపి పాటలు వింటుంటే ఆ సిస్టమ్ 70 వాట్లకు మించి వాడదు. వెయ్యి వాట్ల డబ్బాకు అది 7 శాతం లోడు. గోల్డ్ పరీక్ష 20, 50, 100 శాతాల దగ్గరే జరుగుతుంది. అంటే ఎక్కువ పెట్టి కొన్న ఆ గోల్డ్ మార్కు, ఎక్కువ వాట్లు కొన్నందువల్లే, రోజులో చాలాసేపు తన పరీక్ష హద్దు బయట తిరుగుతుంది. వెయ్యి వాట్లది పెడితే మీటరు వెయ్యి వాట్లు తిరుగుతుందని భయపడేవాళ్లూ ఉన్నారు. అదీ అపోహే, అడిగినంతే ఇస్తుంది.

ఇదంతా చదివి, అయితే క్యాబినెట్‌తో వచ్చే చౌక డబ్బా చాలుననుకోకండి. డబ్బా మీద 450 వాట్లని రాసి ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో 12 వోల్టుల లైనుకు 16 ఆంపియర్లని ఉంటుంది. హెచ్చవేస్తే 192 వాట్లు. ప్రాసెసర్, కార్డు బతికేది ఆ లైను మీదే. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడే పని అది. నా తగవు ఖర్చుతో కాదు, ఖర్చు ఎటు పోతోందన్న దానితో.

ఎందుకంటే అసలు చూడవలసింది ఆ జాబితాలో లేనేలేదు. అది గోడ.

బాలాపూర్, మీర్‌పేట్, బడంగ్‌పేట్ వైపు చాలా ఇళ్లు ఒక్కసారిగా కట్టినవి కావు. కింద పోర్షన్ కట్టి, అప్పు తీరాక పైన అంతస్తు వేసి, ఇంకొన్నాళ్లకు దాని మీద ఒక గది ఎక్కించారు. వైరింగ్ కూడా అలాగే ముక్కముక్కలుగా ఎక్కింది. మూడు బెజ్జాల సాకెట్ ప్రతి గదిలోనూ ఉంది. పైనున్న పెద్ద బెజ్జం వెనక ఎర్త్ వైరు ఉందో లేదో చూసినవాడు లేడు. ఎస్‌ఎంపీఎస్ లోపల విద్యుత్ రొదను వడగట్టే చిన్న కెపాసిటర్లు ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ డబ్బా లోహానికి కలుపుతాయి. ఆ రొద ఎర్త్‌లోకి దిగిపోవాలన్నది ఏర్పాటు. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మొత్తం 230లో సగానికి, 115 వోల్టుల చుట్టుపక్కల తేలుతూ ఉంటుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి చేయి ఆనిస్తే చురుక్కుమని ఊరుకుంటుంది. మన దగ్గర దీనికి వైద్యం "కొద్దిగ షాక్ కొడ్తది, చెప్పులేసుకో". మరీ ఎక్కువైతే దుకాణంలో "ఎస్‌ఎంపీఎస్ మార్చండి" అంటారు. మారుస్తాం. మళ్లీ చురుక్కుమంటుంది, ఈసారి గోల్డ్ చురుకు.

తర్వాత ఇన్వర్టర్. ఎండాకాలం సాయంత్రం గాలి దుమారం లేస్తే కరెంటు పోతుంది, ఇన్వర్టర్ అందుకుంటుంది. అందుకునేలోపు కంప్యూటర్‌ను మోయవలసింది ఎస్‌ఎంపీఎస్. ఏటీఎక్స్ దానికి పెట్టిన గడువు 16, 17 మిల్లీసెకన్లు. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక అల నిడివే 20 మిల్లీసెకన్లు, అంటే ఒక్క అల కూడా పూర్తికాని సమయం. ఇంటి ఇన్వర్టర్లలో చాలావాటికి వెనక చిన్న స్విచ్ ఒకటుంటుంది: ఒకవైపు యూపీఎస్, ఇంకోవైపు ఎకో లేదా నార్మల్. యూపీఎస్ వైపు ఉంటే మార్పు తొందరగా జరుగుతుంది. ఇంకోవైపు ఉంటే ఫ్యానుకు తెలియదు కానీ కంప్యూటర్ పడిపోవచ్చు, దాంతో 90 శాతం అయిన రెండరూ పోతుంది. ఆ స్విచ్ జరపడానికి పైసా ఖర్చు లేదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఇంకో చిక్కు: యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు దాని మీద మొరాయించి ఆగిపోతాయి. అప్పుడు మార్చవలసింది ఇన్వర్టర్.

చివరిది ఎండ. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ చదివిన ప్రతివాడికీ తెలిసిన లెక్క. అందుకే 105 డిగ్రీల కెపాసిటర్లున్నాయా, రాసిన వాట్లను 50 డిగ్రీల దగ్గర కూడా ఇస్తుందా, వారంటీ ఎన్నేళ్లు అన్నవి మన ఊళ్లో అడగవలసిన ప్రశ్నలు. సైబెనెటిక్స్ లాంటి పరీక్షశాలలు మోడల్ వారీగా, 230 వోల్టుల మీద కూడా, అలజడి, రక్షణలు, కరెంటు పోయాక ఎంతసేపు మోస్తుందన్నది కొలిచి అందరికీ తెరిచి పెడుతున్నాయి. డబ్బా మీది పేరు కంటే ఆ నివేదిక నమ్మదగ్గది. పేరుండేది ఒకరిది, కట్టేది ఇంకొకరు కావడం ఈ వ్యాపారంలో మామూలే.

మరి మాడ్యులర్ ఎవరికీ వద్దా? చిన్న క్యాబినెట్లో కడుతున్నవాడికి కావాలి, అక్కడ ప్రతి అంగుళం లెక్కే. కొలిచి అల్లించిన కేబుళ్లు వేసుకునేవాడికి కావాలి. 4090, 5090 లాంటి కార్డులకు సరిపడే పెద్ద డబ్బాల్లో మంచివి ఎలాగూ మాడ్యులర్‌గానే దొరుకుతాయి. వద్దన్నా అదే వస్తుంది. వచ్చినప్పుడు ఆ కేబుల్ సంచి మీద మోడల్ పేరు రాసి, ఇంటి దస్తావేజుల్లా దాచండి. నేను అడిగేది వరస మార్చమని మాత్రమే. ముందు గోడ, తర్వాత 12 వోల్టుల లైనూ రక్షణలూ, ఆ తర్వాత నివేదిక, వారంటీ. ఇవన్నీ కుదిరాక డబ్బు మిగిలితే వైరు ఊడే ముచ్చట. ఇప్పుడు మనం ముచ్చటతో మొదలుపెట్టి గోడ దాకా పోవడమే లేదు.

ఆదివారం ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని ఆ పిల్లవాడి ఇంటికి పోయాం. అతను టెస్ట్ ల్యాంప్ ఒక కొస ఫేజ్‌లో, రెండో కొస పై బెజ్జంలో పెట్టాడు. బల్బు వెలగలేదు. స్విచ్ బోర్డు విప్పాడు. ఆకుపచ్చ వైరు ఉంది. గోడ గొట్టంలోంచి బుద్ధిగా వచ్చి, బోర్డు వెనక, దేనికీ తగలకుండా వేలాడుతోంది.

పిల్లవాడు వంగి చూశాడు. జాబితా జేబులో పెట్టుకుంటూ నవ్వాడు.

"ఇది ఫుల్లీ మాడ్యులర్ అన్నా."